తిమ్మిరి పుట్టిన తావు

కాళ్లు తిమ్మిరులెక్కుట ఎరుగనివారుండరు. పీటమీద చాలసేపు కూర్చుండి లేచినప్పుడు అరికాలిలో చీమలు ప్రాకినట్లుండును. నాలుగడుగులు వేయగనే పోవును. అట్లు పోక నెలల తరబడి నిలిచిపోవు తిమ్మిరి వేరొకటి కలదు. దానిని గూర్చి శ్రోతలు మా కేంద్రమునకు తరచుగా వ్రాయుచుందురు. ఆ ఉత్తరములలో రోగము పేరు దాదాపుగా ఎల్లప్పుడును ఒక్కటే: "నరాల బలహీనత." ఈ మాటను మందుల దుకాణమువారును, చుట్టములును, ఒక్కొక్కప్పుడు వైద్యులును వాడుదురు. వినుటకు తృప్తిగానే యుండును. కాని అది రోగము పేరు కాదు. జ్వరమునకు "ఒళ్లు వేడి" యని పేరు పెట్టినంత మాత్రమే.

అసలు మన భాషలో నరము అను మాటయే కొంత చిక్కు తెచ్చిపెట్టుచున్నది. సూదిమందు "నరానికి" ఇచ్చిరందుము, అది రక్తనాళము. ముసలివారి చేతిమీద నరములు తేలినవందుము, అవియును రక్తనాళములే. ఈ ప్రసంగములో నేను నరమనునది స్పర్శను, నొప్పిని, వేడిమిని మెదడునకు చేరవేయునట్టియు, మెదడు ఆజ్ఞను కండరమునకు కొనిపోవునట్టియు తంతువుల కట్టను. అది చర్మము క్రింద ఉబ్బి కనబడునది కాదు.

నేను వైద్యుడను కాను, రేడియోలో పనిచేయువాడను. ఈ విషయమున నాకు శ్రద్ధ కలుగుటకు కారణము మా మేనమామగారి ఇల్లు. ఆయనకు అరువది దాటినవి. చక్కెరవ్యాధి పదునైదు సంవత్సరములుగా నున్నది. ఆయన చిన్న కుమార్తెకు ఇరువదియెనిమిది. ఒక సంవత్సరమున తండ్రికిని, కూతురికిని కూడ కాళ్ల తిమ్మిరులు వచ్చినవి. ఊరిలో వారు నమ్మిన వైద్యుడొకరు ఇద్దరికిని నరముల బలహీనతయే యని చెప్పి, ఇద్దరికిని ఒకే టానిక్కును, ఒకే బిళ్లలను వ్రాసి యిచ్చిరి. ఒకే సీసాలోని మందును తండ్రీకూతుళ్లు ఎనిమిది నెలలు పంచుకొనిరి. తరువాత నగరములోని నరముల వైద్యనిపుణుని వద్దకు పోయినప్పుడు తేలినదేమనగా, ఇద్దరి రోగములకును తిమ్మిరి తప్ప పోలికయే లేదు. తండ్రిది అంచు నరముల వ్యాధి; వైద్యులు పెరిఫెరల్ న్యూరోపతి యందురు. కుమార్తెది మల్టిపుల్ స్క్లెరోసిస్.

ఆనాడు ఆ వైద్యుని గదిలో నేనును కూర్చుంటిని. ఆయన పరీక్షయంత్రముల జోలికి పోకముందే, మాటలతోను, ఒక చిన్న రబ్బరు సుత్తితోను సగము దారి తెలిసికొనిరి. ఆ పద్ధతి మా వృత్తిలోని పద్ధతివలెనే యున్నది. ప్రసారము ఆగిపోయినదని ఫోను రాగానే మా ఇంజనీరు మొదట అడుగునది "ఏమైనది?" అని కాదు, "ఎక్కడ?" అని. ఒక్క ఇంటిలోనే వినబడకున్న తప్పు ఆ ఇంటి రేడియోది. ఊరంతటను వినబడకున్న తప్పు మాది. శబ్దము ఆగుట రెండుచోట్లను ఒకటే.

శరీరమున ఆ "ఎక్కడ" యను ప్రశ్నకు రెండు పెద్ద సమాధానములు కలవు. మెదడును, దానినుండి వెన్నెముక లోపల దిగు వెన్నుపామును కలిసి కేంద్రము. వెన్నెముక సందులనుండి బయటికి వచ్చి చేతులకును, కాళ్లకును ప్రాకునవి అంచు నరములు. రెండిటను తంతువులకు మైలిన్ అను క్రొవ్వుతొడుగు కలదు. ఆ తొడుగుండుటచేతనే వార్త వడిగా పోవును. చేతి నరములో అది సెకనుకు ఇంచుమించు 50 మీటర్లు పోవును. అయితే రెండుచోట్ల ఆ తొడుగును నేయు కణములు వేరు. కేంద్రములో ఒక్కొక్క కణము చేతులు చాచి అనేక తంతువులకు తొడుగు చుట్టును. అంచు నరములలో ఒక కణము ఒకే తంతువును, అందును ఒక ముక్కను మాత్రమే చుట్టును. తొడుగులోని పదార్థములందును భేదము కలదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీరరక్షణకై యున్న కణములే పొరబడి కేంద్రములోని తొడుగుపై బడును. అంచు నరములను సాధారణముగా ముట్టవు. ఇక్కడ ఒక విచిత్రము కలదు. కంటి వెనుకనుండి పోవు నరము పేరుకు మాత్రమే నరము. పుట్టుకచేత అది మెదడులో నొక భాగము. అందుచేతనే ఈ వ్యాధి కాలివ్రేళ్ల నరమును విడిచి కంటి నరమును పట్టుకొనును.

మామయ్యను వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న మాకందరకును వింతగా తోచినది.

"ఏమండీ, నడుస్తుండగా ఎప్పుడైనా చెప్పు జారిపోయినా తెలియకుండా వచ్చేశారా?"

మామయ్య నిర్ఘాంతపోయి, "మీకెవరు చెప్పారండీ? మొన్న సంతనుంచి వస్తుంటే ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోబోతే గాని చూసుకోలేదు" అనిరి.

ఎవరును చెప్పలేదు. అంచు నరముల వ్యాధి చాలమందిలో పొడవైన తంతువులనే మొదట పట్టును. నడుము దగ్గరి కణమునుండి కాలి బొటనవ్రేలివరకు పోవు తంతువు ఒక మీటరు పొడవుండును. అంత దూరము పోషణ పంపుట ఆ కణమునకు కష్టము. కావున తిమ్మిరి రెండు కాలివ్రేళ్లలోను ఒకేమారు మొదలై, మేజోడు తొడిగినట్లు పైకి ప్రాకును. మోకాళ్లను సమీపించు వేళకు చేతివ్రేళ్ల కొసలలో మొదలగును. నెలలు, సంవత్సరములు పట్టును. రాత్రివేళ అరికాళ్లలో మంటలు, దుప్పటి తగిలినను ఓర్వలేకపోవుట, మెత్తటి పరుపుమీద నడచుచున్నట్లుండుట, కన్నులు మూసికొని ముఖము కడుగునప్పుడు తూలుట, ఇవి దాని గురుతులు. మూత్రము, చూపు, మాట సాధారణముగా చెడవు. చక్కెరవ్యాధి ముదిరి లోపలి అవయవముల నరములను పట్టినప్పుడు మాత్రము మూత్రపుసంచియు మందగించవచ్చును.

కుమార్తెను అడిగిన ప్రశ్నలు వేరు. "అమ్మా, తిమ్మిరి ఎక్కడినుంచి ఎక్కడివరకు?" ఆమె తన ఎడమకాలినుండి నడుముపైవరకు చేయి పెట్టి చూపినది. నడుముచుట్టు వడ్డాణము బిగించి కట్టినట్లున్నదని కూడ చెప్పినది. ఇంటిలో అందరును ఆ మాటకు నవ్వియుండిరి. వైద్యుడు నవ్వలేదు. అంచు నరములలో ఏ యొక్కటియు నడుముచుట్టు తిరిగి, క్రిందనున్న కాలినంతటిని కలుపుకొని పోదు. అట్టి గీత గీసినట్లుండు తిమ్మిరి వెన్నుపాములోని గాయమును చూపును.

"ఇంతకుముందెప్పుడైనా కన్ను మసకబారిందా?"

"నాలుగేళ్ల కిందట కుడికన్ను పొగ పట్టినట్టు ఉండేదండీ. కదిలిస్తే నొప్పి. ఎరుపు కూడా ఎరుపుగా కనపడేది కాదు. నెలకు అదే తగ్గిపోయింది."

"అదే తగ్గిపోయింది" అను మాటలోనే ఈ వ్యాధి మోసమున్నది. ఆనాడు ఆమెకు కంటిలో ఏదో పసరు పిండిరి. కన్ను బాగుపడగా, పసరువలననే తగ్గినదని ఇల్లంతయు నమ్మినది. వాపు తగ్గిన తరువాత తొడుగు కొంత మరల ఏర్పడును. వార్త మరల నడచును. అటుపిమ్మట నెలలకో, సంవత్సరములకో వేరొకచోట దెబ్బ పడును. వైద్యశాస్త్రము ఈ రోగమును గుర్తించుటకు చిరకాలము పాటించిన నియమము కూడ ఇదియే: గాయములు ఒకచోట కాక పలుచోట్ల నుండవలెను, ఒకనాడు కాక పలుమార్లు కలిగియుండవలెను.

ఈ రాకపోకలను ఒక రోగి తన చేతితో వ్రాసి యుంచెను. అతడు ఇంగ్లండు రాజు మూడవ జార్జి మనుమడు, అగస్టస్ డెస్టె. 1822వ సంవత్సరమున స్కాట్లండులో ఒక మిత్రుని అంత్యక్రియలకు పోయి వచ్చిన పిమ్మట అతని చూపు మసకబారినది. ఏ చికిత్సయు లేకయే మరల వచ్చినది. 1827లో ఫ్లారెన్సు నగరమున నుండగా ఒకటి రెండుగా కనబడసాగినది. పిదప కాళ్ల బలము పోయినది. అదియు కొంత మరలివచ్చినది. ఇట్లు వచ్చుచు, పోవుచు, ప్రతిమారు కొంత తీసికొనిపోవుచు నుండిన రోగమును గూర్చి అతడు ఇరువది సంవత్సరములకు పైగా దినచర్య వ్రాసెను. వైద్యులు అతనికి స్నానములు, మాలీసులు చెప్పిరి. 1848లో అతడు మరణించెను. ఈ రోగమునకు పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు స్పష్టమైన రూపమును, పేరును ఇచ్చినది 1868లో. అనగా ఆ రోగి పోయిన ఇరువది యేండ్లకు.

ఇక సుత్తి సంగతి. మోకాలి చిప్ప క్రింద తట్టగనే కాలు ఎగురునని 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అను ఇరువురు వైద్యులు ఎవరికి వారే ప్రకటించిరి. ఆ తట్టు అంచు నరముగుండ వెన్నుపామునకు పోయి, అక్కడనే మలుపు తిరిగి, అంచు నరముగుండనే వెనుకకు వచ్చి కాలిని కదల్చును. మెదడు దానిని పంపదు. పైనుండి కళ్లెము పట్టి అదుపులో మాత్రముంచును. అంచు నరము చెడినచో ఆ దారి తెగి, కాలు ఎగురదు; మడమ దగ్గరి ఎగురు అన్నిటికంటె ముందు పోవును. వెన్నుపాములో పైనుండి వచ్చు తంతువులు చెడినచో కళ్లెము తెగిన గుఱ్ఱమువలె కాలు మునుపటికంటె హెచ్చుగా ఎగురును. మామయ్య మడమను ఎన్నిమారులు తట్టినను కదలలేదు. ఆయన కూతురి కాలు తట్టీతట్టకముందే ఎగిరిపడినది. ఒకే టానిక్కు త్రాగిన ఇద్దరిలో ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ!

తరువాత వైద్యుడు తాళపుచెవి కొసతో ఆమె అరికాలిని మడమనుండి వ్రేళ్లవైపు గీసిరి. బొటనవ్రేలు క్రిందికి ముడుచుకొనుటకు మారుగ మెల్లగా పైకి లేచినది. దీనిని 1896లో బాబిన్‌స్కీ అను వైద్యుడు తెలిపెను. చంటిబిడ్డను కాళ్లమీద పరుండబెట్టుకొని నీళ్లు పోయు మన అమ్మమ్మలు అరికాలు రుద్దినప్పుడు ఆ వ్రేలు పైకి లేచుట చూచియే యుందురు. బిడ్డలో అది తప్పు కాదు. మెదడునుండి వచ్చు తంతువులకు తొడుగు ఇంకను పూర్తికాలేదు. పెద్దలలో లేచినచో పైదారిలో గాయమున్నదని అర్థము.

ఇంకను రెండు గురుతులు చెప్పదగినవి. మెడ వంచగానే వెన్నులో కరెంటు కొట్టినట్లు జల్లుమనుట ఒకటి. రెండవది వేడిమి. ఒళ్లు వేడెక్కినప్పుడు తొడుగులేని తంతువులో వార్త ఆగిపోవును; చూపు మసకబారును, కాళ్లు బరువెక్కును; చల్లబడగనే తేరుకొనును. ఊథోఫ్ అను జర్మను వైద్యుడు దీనిని 1890లో గమనించెను. ఒకప్పుడు రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి దీనిచేతనే రోగనిర్ణయము చేసెడివారు. ఇప్పుడా పద్ధతి లేదు. మన రోహిణీకార్తెకు అట్టి తొట్టి అక్కరలేదు గదా. ఎండలో నడచివచ్చిన రోగి కాళ్లు తడబడినంత మాత్రమున రోగము క్రొత్తగా తిరగబెట్టినదని గాబరాపడనక్కరలేదు. జ్వరమున్నదేమో మాత్రము చూడవలెను.

ఇంతవరకు రెండు దారులును విడిగా కనబడినవి. కాని రెండిటిని కలిపి చెరచు కారణమొకటి మన యిండ్లలోనే కలదు. అది విటమిన్ బి-12 కొరత. మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు తప్ప మొక్కలనుండి వచ్చు ఆహారములో అది లేదు. శాకాహారులలోను, ముఖ్యముగా పాలుపెరుగు మితముగా తీసికొను వృద్ధులలోను కొరత ఏర్పడును. అంచు నరములును, వెన్నుపాములో వెనుకవైపు దారులును కలిసి చెడును. మోకాలిలో ఎగురు హెచ్చు, మడమలో శూన్యము, బొటనవ్రేలు పైకి లేచుట, మెడ వంచిన జల్లుమనుట, అన్నియు ఒక్కరిలోనే కనబడి వైద్యుని కలవరపెట్టవచ్చును. చక్కెరవ్యాధికి దీర్ఘకాలము మెట్‌ఫార్మిన్ బిళ్లలు వాడువారిలో కూడ ఈ విటమిన్ తగ్గును. మామయ్యకు వాటినే పదునైదేండ్లుగా వాడుచుండుటచేత, ఆయన తిమ్మిరిలో చక్కెర పాలెంత, బిళ్ల పాలెంత యని రక్తపరీక్ష చేసి చూడవలసివచ్చినది. బి-12 తక్కువగానే తేలినది.

ఈ సందర్భమున మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన సంగతి 1945లో లోకమునకు తెలిసినది. రక్తహీనతలు కొన్ని దానితో అద్భుతముగా తగ్గినవి. కాని బి-12 కొరతవలని రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినప్పుడు, రక్తము బాగుపడుచుండగనే నరములు లోలోపల చెడిపోవుట వైద్యులు గమనించిరి. బి-12ను వేరుపరచినది 1948లో. సుబ్బారావుగారు కన్నుమూసినదియు ఆ యేటనే. నేటి టానిక్కులలో ఫోలిక్ ఆమ్లము తరచుగా నుండును. పాలిన ముఖము ఎఱ్ఱబడినంత మాత్రమున నరములు కోలుకొన్నవని తలచుటకు వీలులేదు. ఇంకొక మాట: బి-6 విటమినును పెద్ద మోతాదులో చాలకాలము తీసికొన్న అదియే అంచు నరములను చెరచును. "విటమినే కదా" యని నెలల తరబడి మ్రింగువారు ఈ సంగతి ఎరుగరు.

చక్కెర, బి-12, మద్యము, కొన్ని క్షయ మందులు, కొన్ని క్యాన్సరు మందులు అంచు నరములను రెండువైపుల సమముగా చెరచును. కుష్ఠు అట్లు కాదు. మోచేయి వెనుక నరమొకటి త్రాడువలె లావెక్కుట, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ యుండుట దాని జాడలు. ప్రభుత్వ వైద్యశాలలలో దీనికి మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. దాచుకొన్నచో వ్రేళ్లు పోవును. మరియొక వైపున, ఆనాటి నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్యులు వెల్లడించినట్టియు, నల్లగొండ పల్లెలను పీడించినట్టియు ఫ్లోరైడు నీటివలన వెన్నెముక గట్టిపడి, లోని పామును నొక్కి, కాళ్లను బిగదీయును. అక్కడ సుత్తి తట్టిన కాలు ఎగురును. కాని అది మల్టిపుల్ స్క్లెరోసిస్ కాదు.

యంత్రపరీక్షలు ఈ అనుమానమును స్థిరపరచుటకు. అంచు నరమునకు చిన్న విద్యుత్తు తాకించి వార్త వేగమును కొలుతురు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో అది మామూలుగానే యుండును. అయితే మంట, నొప్పి తెచ్చు సన్నని తంతువులు మాత్రమే చెడినప్పుడు కూడ ఈ పరీక్ష మామూలుగా రావచ్చును. "రిపోర్టు బాగుంది, నీకేమీ లేదు" అని రోగిని కసరరాదు. మెదడునకును, వెన్నుపామునకును తీయు ఎం.ఆర్.ఐ. చిత్రములో మల్టిపుల్ స్క్లెరోసిస్ గాయములు తెల్లని మచ్చలుగా కనబడును. ఇక్కడను తొందర పనికిరాదు. వయస్సు, రక్తపుపోటు, పార్శ్వపు తలనొప్పి గూడ మెదడులో మచ్చలు తెచ్చును. మచ్చల చోటును, ఆకారమును, రోగి కథను కలిపి చూడవలెను. అవసరమైనచో నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీసి పరీక్షింతురు. దీనిని పోలిన న్యూరోమైలైటిస్ ఆప్టికా అను వేరొక వ్యాధి కూడ కంటిని, వెన్నుపామును పట్టును; దానిని చూపు రక్తపరీక్షకు మూలమైన ప్రతిరక్షకము 2004లో తెలియవచ్చినది. దానికి మందులు వేరు. మల్టిపుల్ స్క్లెరోసిస్ మందులు కొన్ని దానిని హెచ్చించును గూడ.

ఇంత శ్రమపడి పేరు తేల్చుట ఎందులకు? చికిత్స మారును గనుక. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు 1993నాటికి గాని దాడులను తగ్గించు మందు వాడుకలోనికి రాలేదు. ఇప్పుడు అనేకము కలవు, ఖరీదు గలవి, మొదటి సంవత్సరములలో ఇచ్చిన అవి చేయు మేలు, ముదిరిన పిదప చేయజాలవు. వెన్నుపాములో తెగిన తంతువు మరల మొలవదు. అంచు నరము మొలచును. దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున. కాని కారణమును తొలగించినప్పుడే. ఆ ఎనిమిది నెలలలో కుమార్తెకు మరియొక దాడి వచ్చి ఎడమచేతి పట్టు సడలినది. దానిని ఎవరి ఖాతాలో వ్రాయవలెనో నాకు తెలియదు.

ఆలస్యము ఒక్క దినమైనను తగని సందర్భములు వేరుగా చెప్పవలెను. దినములలో తిమ్మిరియు, బలహీనతయు కాళ్లనుండి చేతులకు ప్రాకి ఊపిరి ఆడకుండుట. మూత్రము నిలిచిపోయి, కూర్చుండుచోట స్పర్శ తెలియకుండుట. ఒక కన్ను దినములలో మసకబారుట. వీటికి టానిక్కులు లేవు. పెద్ద ఆసుపత్రికి పోవలెను. మిగిలినవారు వైద్యుని వద్దకు పోవునప్పుడు ఒక కాగితముమీద తిమ్మిరి ఏనాడు మొదలైనది, ఎక్కడ మొదలై ఎక్కడికి ప్రాకినది, ఎప్పుడైన తగ్గి మరల వచ్చినదా, వాడుచున్న బిళ్లలేవి యని వ్రాసికొని పోయిన, ఆయనకు సగము పని తప్పును.

మామయ్య కుమార్తె ఇప్పుడు అట్టి పుస్తకమొకటి ఉంచుకొన్నది. మందు మొదలుపెట్టి మూడేండ్లైనది. ఇటీవలి పుటలలో ఎక్కువభాగము "ఏమీ లేదు" అనియే యున్నది. మామయ్య రాత్రి పడుకొనబోవుముందు చిన్న అద్దమును నేలమీద పెట్టి, అరికాళ్లలో తనకు తెలియని పుండ్లున్నవేమోనని చూచుకొందురు. కాళ్లు కడుగు వేడినీటిని మాత్రము మనుమరాలు తన చేయి పెట్టి చూచిన తరువాతనే ఆయనకిచ్చును.